బ్రేక్‌అవే (స్పేస్: 1999)

బ్రేక్‌అవే అనేది బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక స్పేస్: 1999 లోని మొట్టమొదటి ఎపిసోడు. దీనిని జార్జ్ బెల్లాక్ రచించగా లీ హెచ్. కాట్జిన్ దర్శకత్వం వహించాడు. బ్రిటనులో ఇది 1975 సెప్టెంబరు 4న ప్రసారమైంది. చంద్రునిపై నిల్వచేసిన అణు వ్యర్థాలు 1999 సెప్టెంబరు 13న పేలిపోవడం, ఆ తాకిడికి చంద్రుడు భూకక్ష్య వీడి అంతరిక్షంలోకి కొట్టుకొనిపోవడం, అక్కడి స్థావరంలోని 311 మంది తిరిగి భూమిని చేరలేకపోవడం ఇందలి ఇతివృత్తం. వైజ్ఞానిక కల్పనలో ఎంతవరకు అసంభవాన్ని అనుమతించవచ్చును అనే చర్చలో తరచుగా ఉదాహరించబడే ఎపిసోడులలో ఇదొకటి. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇది చక్కని అభ్యాస పాఠం కూడా. ఇందులోని లెక్కలన్నీ ఉన్నత పాఠశాల స్థాయి సూత్రాలతో సరిచూసుకోదగినవే.

నిర్మాణ నేపథ్యం

ఈ ధారావాహికను గెర్రీ అండర్సన్, సిల్వియా అండర్సన్ దంపతులు ఐటీసీ సంస్థ కొరకు, ఇటలీ ప్రభుత్వ ప్రసార సంస్థ రాయ్ భాగస్వామ్యంతో రూపొందించారు. వీరు అంతకుముందు తీసిన యూఎఫ్ఓ అనే ధారావాహికకు రెండవ భాగంగా తలపెట్టిన ఆలోచనే క్రమంగా స్పేస్: 1999గా మారింది. అమెరికా విపణిని చూసుకొనే ఐటీసీ ప్రతినిధి ఏబ్ మాండెల్, భూమిపై జరిగే సన్నివేశాలు ఇందులో ఉండకూడదని పట్టుబట్టాడట. అట్లయితే మొదటి ఎపిసోడులోనే భూమిని పేల్చివేస్తానని గెర్రీ అండర్సన్ అన్నాడనీ, అది ప్రేక్షకులకు రుచించదని మాండెల్ చెప్పగా భూమికి బదులు చంద్రునిని కదిలించడం జరిగిందనీ అండర్సన్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. ఈ చిన్న వృత్తాంతాన్ని గుర్తుంచుకోవడం అవసరం. చంద్రుడు కక్ష్య వీడిపోవడం శాస్త్ర చింతన నుండి కాక వ్యాపార అవసరం నుండి పుట్టిన కల్పన. దానికి శాస్త్రీయమైన తొడుగు తరువాత తొడిగారు.

చిత్రీకరణ 1973 చివరలో పైన్‌వుడ్ స్టూడియోలో మొదలైంది. మార్టిన్ లాండౌ, బార్బరా బెయిన్, బారీ మోర్స్ ప్రధాన పాత్రధారులు. చిన్న నమూనాలతో తీసిన అంతరిక్ష దృశ్యాలకు బ్రయాన్ జాన్సన్ బాధ్యత వహించాడు. ఇతడే తరువాత ఏలియన్ చిత్రానికి పనిచేశాడు. రెండు విడతలలో కలిపి మొత్తం 48 ఎపిసోడులు తయారయ్యాయి.

కథ

1999 సెప్టెంబరు 9. జాన్ కోనిగ్ అనే అధికారి మూన్‌బేస్ ఆల్ఫా అనే చంద్ర స్థావరానికి కొత్త కమాండరుగా వస్తాడు. భూమి సమీపానికి వస్తున్న మెటా అనే గ్రహం వద్దకు మానవ సహిత నౌకను పంపించడం అతనికి అప్పగించబడిన పని. వచ్చీ రాగానే అతనికి తెలిసే సంగతి వేరు. నౌకలో వెళ్ళవలసిన వ్యోమగాములు, వ్యర్థాల నిల్వ ప్రాంతంలోని కార్మికులు అంతుపట్టని వ్యాధితో ఒకరి తరువాత ఒకరు మతి చలించి మరణిస్తున్నారు. పైవారికి వెళ్ళిన నివేదికలలో అది వైరస్ సోకడం వలన వచ్చిన జబ్బు. వైద్యురాలు హెలెనా రస్సెల్‌కు ఆ మాటపై నమ్మకం లేదు. వ్యాధి లక్షణాలు రేడియేషన్‌ను సూచిస్తున్నాయి, కాని నిల్వ ప్రాంతాలలో ఎక్కడ కొలిచినా రేడియేషన్ పెరగలేదు.

మొదటి నిల్వ ప్రాంతంలో ఉష్ణోగ్రత పెరుగుతున్నట్లు గమనిస్తారు. కోనిగ్ స్వయంగా ఈగిల్ అనే నౌకలో దానిపై ఎగిరి ప్రమాదానికి లోనై ప్రాణాలతో బయటపడతాడు. రేడియేషన్ కాక, అయస్కాంత క్షేత్రం అమితంగా పెరగడమే మెదడును దెబ్బతీస్తున్నదని ప్రొఫెసర్ విక్టర్ బెర్గ్‌మన్ తేలుస్తాడు. మొదటి ప్రాంతం కాలిపోతుంది. అంతకన్నా అనేక రెట్లు పెద్దదైన రెండవ ప్రాంతంలోని డబ్బాలను ఈగిల్ నౌకలతో ఎత్తి దూరంగా చెదరగొట్టే ప్రయత్నం మొదలవుతుంది, కాని అది పూర్తికాకముందే పేలుడు సంభవిస్తుంది. స్థావరంలోని వారు నేలకు అదుముకొనిపోతారు.

తేరుకొన్న తరువాత భూమికి తిరిగివెళ్ళడం సాధ్యమా అని కంప్యూటరును అడుగగా, నిర్ణయం మనుషులే చేసుకోవాలన్న అర్థం వచ్చే సమాధానం వస్తుంది. మార్గం, వేగం తెలియకుండా చేసే ప్రయత్నం విఫలమవుతుందని భావించి కోనిగ్ అక్కడే ఉండిపోవాలని నిశ్చయిస్తాడు. భూమి నుండి అందిన చివరి వార్తలలో అమెరికా, యుగోస్లావియా, దక్షిణ ఫ్రాన్స్‌లలో భూకంపాలు వచ్చినట్లు వినిపిస్తుంది.

కథన సంప్రదాయాలు

కథ నడక ఈ కోవకు చెందిన చిత్రాలను చూసినవారికి పరిచితమైనదే. కొత్త అధికారి పదవి స్వీకరించిన వారంలోనే ఉపద్రవం విరుచుకుపడుతుంది. నిపుణుల హెచ్చరిక ముందుగానే ఉంటుంది, దానిని వినవలసినవారు వినరు. కమిషనర్ సిమ్మండ్స్ అనే పై అధికారికి ప్రతిష్ఠాత్మక యాత్ర ఆగిపోవడమే పెద్ద బెంగ. చివరకు అతడు కూడా చంద్రునిపైనే చిక్కుబడిపోతాడు. కథలలో ఇటువంటి పాత్రకు ఇటువంటి శిక్ష మామూలే.

వీటిలో ఎక్కువ ఆలోచింపజేసేది కోనిగ్ నిర్ణయం. ధారావాహిక ముందుకు సాగాలంటే 311 మందీ అక్కడే ఉండిపోవాలి. అనగా ఆ నిర్ణయం రచయితకు అనివార్యం. దానిని పాత్రకు కూడా అనివార్యం చేయగలిగాడా అన్నదే ప్రశ్న. కొంతవరకు చేశాడనే చెప్పాలి. యంత్రం చేతులెత్తేసిన తరువాత మనిషి తూచి చూసి చెప్పిన మాటగా దానిని మలిచాడు. కాని ఇక్కడొక లోపం కూడా ఉన్నది. పేలుడు సమయంలో బయట నౌకలో ఉన్న అలన్ కార్టర్ అనే వ్యోమగామి, పరుగెత్తుతున్న చంద్రునిని వెంబడించి వచ్చి దిగగలుగుతాడు. ఒక నౌక చంద్రునిని అందుకోగలిగినప్పుడు మరికొన్ని నౌకలు వెంటనే బయలుదేరి భూమిని ఎందుకు చేరలేవో కథ తృప్తికరంగా చెప్పదు. ఇది భౌతికశాస్త్రపు పొరపాటు కాదు, కథ తన మాటను తానే కాదన్న సందర్భం.

శాస్త్రీయ అసంభావ్యతలు

పేలుడు దిశ. వ్యర్థాల నిల్వ ప్రాంతం చంద్రుని ఆవలి వైపున ఉన్నది. చంద్రుడు తన చుట్టూ తాను తిరిగే కాలం, భూమి చుట్టూ తిరిగే కాలం సమానమైనందున ఆ వైపు మనకెన్నడూ కనబడదు. 1959 అక్టోబరులో సోవియట్ నౌక లూనా 3 ఛాయాచిత్రాలు పంపేవరకు దానిని చూసినవారు లేరు. ఆవలి వైపున పేలుడు జరిగితే ఎగజిమ్మిన పదార్థం భూమికి దూరంగా పోతుంది, న్యూటన్ మూడవ నియమం ప్రకారం చంద్రుడు భూమి వైపుకు నెట్టబడతాడు. కనుక చంద్రుడు వచ్చి భూమిని ఢీకొనాలి కదా అన్నది ఈ ఎపిసోడుపై తరచుగా వినిపించే ఆక్షేపణ.

నిజానికి ఈ ఆక్షేపణ కూడా తొందరపాటే. చంద్రుడు ఇప్పటికే సెకనుకు 1.02 కి.మీ. వేగంతో పక్కకు కదులుతున్నాడు. భూమి వైపుకు మరొక 1.02 కి.మీ. వేగం కలిపితే, లంబకోణంలో ఉన్న ఈ రెండు వేగాల ఫలితం సెకనుకు 1.44 కి.మీ. అవుతుంది. 3,84,400 కి.మీ. దూరంలో భూమి నుండి పలాయన వేగం సరిగ్గా అంతే. అప్పుడు చంద్రుడు దాదాపు మూడు రోజులలో భూమికి ఇప్పటి దూరంలో సగానికి, అనగా సుమారు 1,92,000 కి.మీ.లకు వచ్చి, ఢీకొనకుండానే పక్కగా దూసుకొనిపోయి మరలిరాడు. దూరం సగమైనప్పుడు పోటును కలిగించే బలం ఎనిమిది రెట్లవుతుంది. ఎపిసోడులో భూకంపాల వార్త వినిపిస్తుంది కాని తీరప్రాంతాలను ముంచెత్తవలసిన సముద్రపు పోటు ప్రస్తావన ఉండదు. రచయిత ఈ లెక్క చేసి ఉంటే మూడు రోజులపాటు ఆకాశంలో పెరిగిపోతున్న చంద్రబింబం అనే గొప్ప దృశ్యం అతనికి దక్కేది.

చీకటి వైపు. ఆవలి వైపును చీకటి వైపు అనడం వాడుకలో ఉన్నది. మన పాఠ్యపుస్తకాలు చదివిన పిల్లలు కూడా అక్కడ ఎల్లప్పుడూ రాత్రేనని అనుకోవడం ఈ వ్యాసకర్త అనేక మార్లు గమనించాడు. అక్కడ కూడా పక్షం రోజులు పగలు, పక్షం రోజులు రాత్రి. కథ మొదలయ్యే 1999 సెప్టెంబరు 9 అమావాస్య. ఆగస్టు 11న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన తరువాత వచ్చిన మొదటి అమావాస్య అదే. అమావాస్యనాడు సూర్యుడు చంద్రునికి ఆవలి దిక్కున ఉంటాడు కనుక, ఆ రోజున ఆవలి వైపంతా నిండు వెలుగులో ఉండాలి. పేలుడు జరిగిన సెప్టెంబరు 13 ఆ సంవత్సరం వినాయక చవితి. చంద్రునిని చూస్తే నీలాపనిందలు తప్పవని తెలుగువారు తల వంచుకొని తిరిగే రాత్రినే చంద్రుడు కనబడకుండా పోవడం కేవలం యాదృచ్ఛికం. రచయితకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

కావలసిన శక్తి. చంద్రుని ద్రవ్యరాశి 7.35 కోట్ల కోట్ల కోట్ల కిలోగ్రాములకు పది రెట్లు, మరో విధంగా చెప్పాలంటే 735 తరువాత 20 సున్నాలు. దానికి సెకనుకు 1.02 కి.మీ. అదనపు వేగం ఇవ్వడానికి కావలసిన గతిశక్తి, సూర్యుడు అన్ని దిక్కులకూ 100 సెకన్లలో వెదజల్లే మొత్తం శక్తికి సమానం. మానవుడు ఇంతవరకు పేల్చిన వాటిలో అతి పెద్దది 1961లో సోవియట్ యూనియన్ పరీక్షించిన 50 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు. అటువంటివి సుమారు 18,000 కోట్లు కావాలి. అదీ శక్తి యావత్తూ చంద్రుని చలనంగా మారినప్పటి మాట. చంద్రుని పదార్థాన్ని దాని స్వీయ గురుత్వం నుండి విడదీసి చెల్లాచెదురు చేయడానికి పట్టే శక్తిలో ఇది దాదాపు మూడో వంతు. పేలుడు శక్తిలో అధిక భాగం శిలలను కరిగించడానికి, చీల్చడానికి ఖర్చవుతుంది కనుక, చంద్రునిని కదిలించగల పేలుడు ముందుగా చంద్రునినే ముక్కలు చేస్తుంది.

ద్రవ్యవేగం కోణం నుండి చూసినా ఇంతే. ఎగజిమ్మిన పదార్థం సెకనుకు 10 కి.మీ. వేగంతో పోయిందనుకొన్నా, చంద్రునిలో దాదాపు పదో వంతు ఊడిపోతే తప్ప మిగిలినదానికి ఆ వేగం రాదు. తెరపై మనకు కనబడేది ఒక పెద్ద మంట మాత్రమే.

వ్యర్థాలు పేలతాయా. వాడిన అణు ఇంధనం బాంబు వలె పేలదు. విచ్ఛిత్తి చెందగల పదార్థం అందులో తక్కువ శాతంలో ఉంటుంది, పైగా బాంబులో అయితే సందిగ్ధ ద్రవ్యరాశిని సెకనులో అత్యల్ప భాగంలో ఒకచోటికి నొక్కిపట్టాలి. డబ్బాలలో పేర్చిన వ్యర్థాలలో ఆ రెండూ ఉండవు. ఆఫ్రికాలోని గాబోన్ దేశంలో ఓక్లో అనేచోట సుమారు 200 కోట్ల సంవత్సరాల క్రితం యురేనియం ఖనిజంలో శృంఖల చర్య తనంతట తానే నడిచినట్లు 1972లో కనుగొన్నారు. అక్కడ కూడా పేలుడు జరగలేదు, నెమ్మదిగా వేడి మాత్రం పుట్టింది. ఇక వ్యర్థాల నుండి అయస్కాంత శక్తి పుట్టి పెరిగిపోవడం అనేది శాస్త్ర పదాలతో అల్లిన వట్టి మాట.

అసలు వ్యర్థాలను అంత దూరం మోయడం అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3లో చంద్రునిపై దిగవలసిన ల్యాండరు, రోవరు కలిసి, ఇంధనంతో సహా, 1,752 కిలోలు. అందుకు మన దేశపు అతి శక్తిమంతమైన రాకెట్టు కావలసివచ్చింది. ప్రపంచంలోని అణు విద్యుత్ కేంద్రాల నుండి ఇంతవరకు వెలువడిన వాడిన ఇంధనం సుమారు 4 లక్షల టన్నులు. రెండు లక్షలకు పైగా ప్రయోగాలు కావాలి. వాటిలో ఒక్కటి విఫలమై సరుకు నింగిలో చెదిరిపోతే దాని ఫలితం భూమి మీదనే.

నక్షత్రాల మధ్య ప్రయాణం. సెకనుకు 1.44 కి.మీ. వేగంతో భూమిని వీడిన చంద్రుడు సూర్యునిని వీడడు. భూమి వలెనే సూర్యుని చుట్టూ తిరుగుతూ ఉంటాడు. సూర్యుని పట్టు నుండి బయటపడాలంటే, భూమి కదిలే దిశలోనే పోయినా, భూమితో పోల్చితే సెకనుకు మరొక 12.3 కి.మీ. వేగం ఉండాలి. అందుకు పట్టే శక్తి చంద్రునిని ముక్కలు చేసే శక్తికి 40 రెట్లకు పైమాటే. వాయేజర్ 1 నౌకకున్న సెకనుకు 17 కి.మీ. వేగంతో పోయినా, 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీని చేరడానికి సుమారు 75,000 సంవత్సరాలు పడుతుంది. ధారావాహికలో మాత్రం వారానికొక కొత్త లోకం ఎదురవుతుంది.

ఇక్కడే అసలైన చిక్కు. వారానికొక నక్షత్రాన్ని చేరాలంటే చంద్రుడు కాంతి కంటే 200 రెట్లకు మించిన వేగంతో పోవాలి. అక్కడికి చేరిన తరువాత ఈగిల్ నౌకలు దిగి, తిరిగి రావడానికి వీలుగా కొన్ని రోజులపాటు ఆ గ్రహం దగ్గర నింపాదిగా కదలాలి. ఈ రెండూ ఒకే వస్తువుకు పొసగవు. బ్లాక్ సన్ అనే ఎపిసోడులో చంద్రుడు ఒక కృష్ణ సూర్యుని గుండా వెళ్ళి విశ్వంలో మరొక చోట తేలినట్లు చూపి ఈ లోపాన్ని కొంత కప్పిపుచ్చారు.

సరిగా చూపిన విషయాలు

విమర్శించడం సులభం కనుక, సరిగా వచ్చినవాటిని కూడా చెప్పుకోవడం న్యాయం. స్థావరం వెలుపల వ్యోమగాములు నెమ్మదిగా, తేలిపోతున్నట్లు నడుస్తారు. చంద్రుని గురుత్వం భూమిపై ఉన్నదానిలో ఆరో వంతు కనుక అది ఉచితమే. పేలుడు ఆవలి వైపున జరిగినందువలన ఈవలి వైపునున్నవారు నేలకు అదుముకొనిపోవడం కూడా మొత్తంమీద సరైనదే, లిఫ్టు పైకి లేచేటప్పుడు మనకు కలిగే అనుభవం వంటిదే అది. ధారావాహికకు సంబంధించిన సమాచారంలో ఆల్ఫా స్థావరం ప్లేటో బిలంలో ఉన్నట్లు చెప్పబడింది. ఈ బిలం చంద్రుని ఉత్తరార్ధంలో, సుమారు 52 డిగ్రీల అక్షాంశం వద్ద ఉన్నది. అక్కడినుండి చూస్తే భూమి దక్షిణాన, క్షితిజానికి 38 డిగ్రీల ఎత్తులోనే కనబడుతుంది. కనుక మనుషులు కిందికి అదుముకొనడంతోబాటు, అంతకంటె ఎక్కువగా, ఉత్తరపు గోడ వైపుకు విసిరివేయబడాలి. ఇంత లెక్క వేసి చిత్రీకరించాలని ఆశించడం కొంచెం అత్యాశే.

అన్నింటికన్నా నమ్మదగినది మాత్రం కథలోని పాలనా వ్యవహారం. 1957 సెప్టెంబరు 29న సోవియట్ యూనియన్‌లోని మయాక్ అణు కర్మాగారంలో ద్రవరూప వ్యర్థాల తొట్టి ఒకటి, చల్లబరిచే ఏర్పాటు చెడిపోగా వేడెక్కి పేలిపోయింది. అది అణు విస్ఫోటనం కాదు, రసాయనిక విస్ఫోటనం. రేడియోధార్మిక ధూళి పడిన గ్రామాల నుండి వేలాది మందిని ఖాళీ చేయించారు, వారిలో చాలామందికి కారణం చెప్పలేదు. ప్రవాసంలోనున్న శాస్త్రవేత్త జోరెస్ మెద్వెదేవ్ 1976లో రాసిన వ్యాసంతో పాశ్చాత్య దేశాలలో ఇది బహిరంగ చర్చకు వచ్చింది. సోవియట్ ప్రభుత్వం 1989లో గాని అధికారికంగా ఒప్పుకోలేదు. బ్రేక్‌అవే ప్రసారమైనది 1975లో. వేడెక్కుతున్న వ్యర్థాలు, కారణం దాచిన జబ్బు, ఆలస్యంగా అందిన నిజం, ఇవన్నీ ఆ ఎపిసోడులో కల్పనగా చూపబడ్డాయి. చంద్రుని లెక్కలు తప్పినంత మాత్రాన ఈ భాగాన్ని కొట్టివేయలేము.

స్పందన

ప్రసిద్ధ రచయిత ఐజాక్ అసిమోవ్ 1975లోనే ఈ ధారావాహికను విమర్శించాడు. చంద్రునిని కక్ష్య నుండి తప్పించగల పేలుడు దానిని బద్దలు చేస్తుందనీ, కక్ష్య వీడినా సమీప నక్షత్రానికి చేరడానికి ఎంతో కాలం పడుతుందనీ అతడు ఆక్షేపించాడు. అదే సమయంలో తక్కువ గురుత్వంలో కదలికలను చూపిన తీరును, రంగస్థల రూపకల్పనను మెచ్చుకొన్నాడు.

ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ 1817లో, కవిత్వం చదివేవాడు తన అవిశ్వాసాన్ని ఇష్టపూర్వకంగా కాసేపు పక్కన పెడతాడని సూత్రీకరించాడు. చంద్రుడు కదిలిపోవడం అనే ఒక్క అసంభవాన్ని ప్రేక్షకుడు ఆ విధంగా అంగీకరించగలడు, అది కథకు పెట్టుబడి. వారానికొకసారి చంద్రుని వేగం కథ సౌకర్యం కొద్దీ మారడాన్ని, ఒక నౌకకు సాధ్యమైనది తక్కిన నౌకలకు కాకపోవడాన్ని అతడు అంత సులభంగా అంగీకరించడు. ఈ ఎపిసోడును తరగతిలో చర్చకు పెట్టే ఉపాధ్యాయులు మొదటి రకం పొరపాట్లకు లెక్కలు కట్టించి, రెండవ రకం వాటిని విద్యార్థులనే వెతకమనవచ్చును.

కథలోని పేలుడు తేదీ అయిన 1999 సెప్టెంబరు 13న ధారావాహిక అభిమానులు అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌లో సమావేశమయ్యారు. అక్కడ మెసేజ్ ఫ్రమ్ మూన్‌బేస్ ఆల్ఫా అనే లఘుచిత్రం ప్రదర్శించబడింది. జానీ బైర్న్ రాసిన ఆ చిత్రంలో జీనియా మెర్టన్ తన పాత పాత్ర సాండ్రా బెనెస్‌గా మళ్ళీ కనిపించి, ఆల్ఫాను విడిచి వెళ్తున్న తమవారి తరఫున భూమికి కడపటి సందేశం పంపుతుంది.